విశాఖ నుంచి శ్రీకాకుళం: పదిమంది కలిసి సైకిళ్ల మీద ఒక రోజు

ఆర్కే బీచ్‌లో బయల్దేరి భీమిలి మీదుగా వెళ్తే శ్రీకాకుళం అటూ ఇటూగా 105 కిలోమీటర్లు. పూరీ దాకా తొక్కుదామని బయల్దేరిన మా పదిమందికి ఇది మొదటి మజిలీ. ఆ తర్వాత కొత్తవాళ్లను వెంటబెట్టుకుని ఇదే దారిలో ఇంకో రెండుసార్లు వెళ్లాను. ఒక్కరే వెళ్తే 105 కిలోమీటర్లు మీకూ మీ కాళ్లకూ మధ్య వ్యవహారం. పదిమంది వెళ్తే మాత్రం రోజంతా రెండు విషయాల మీదే నడుస్తుంది. ఒకటి, సముద్రం గాలి ఎన్నింటికి లేస్తుందన్నది. రెండోది, వరసలో చివరి మనిషి ఎక్కడున్నాడన్నది. కింద చెప్పేదాంట్లో చాలా భాగం ఈ రెండింటి గురించే.

ఏ నెలలో వెళ్లాలి

జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా అయితే మంచిది. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. విశాఖను హుద్‌హుద్ కొట్టింది 2014 అక్టోబరు 12న, పలాస వైపు తిత్లీ తీరం దాటింది 2018 అక్టోబరు 11న. ఈ తేదీలు గుర్తున్న ఉత్తరాంధ్రవాళ్లెవరూ ఆ రోజుల్లో తీరం వెంట షికారు పెట్టుకోరు. సంక్రాంతి వారం కూడా వద్దు. ఊళ్లకొచ్చిన కార్లన్నీ తిరిగి వెళ్లేదాకా హైవే మీద సైకిల్‌కి చోటుండదు. మార్చి దాటితే ఎండకు ఉక్క తోడవుతుంది. చెమట పడుతుంది కానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు.

జట్టుకు ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. అంతకు మించితే రెండు జట్లుగా విడిపోండి. ఇరవై మంది ఒక టీకొట్టు ముందు ఆగితే చివరివాడి చేతికి టీ వచ్చేసరికి మొదటివాడి కాళ్లు బిగుసుకుపోతాయి.

వారం ముందు

వచ్చే ప్రతి ఒక్కరూ గత నెలలో కనీసం ఒకసారి 60 కిలోమీటర్లు తొక్కి ఉండాలి. ఇందులో మొహమాటం పనికిరాదు. "పర్లేదండీ, జిమ్‌కి వెళ్తున్నా" అనేవాళ్లకు కాళ్లలో బలం ఉండొచ్చు గానీ సీటు మీద ఆరు గంటలు కూర్చోవడం జిమ్‌లో రాదు.

గేర్ల సైకిలే కావాలని లేదు. మాలో ఒకాయన గేర్లు లేని పాత నల్ల సైకిల్ మీద వచ్చి, చాలామంది కన్నా ముందే టిఫిన్ దగ్గరికి చేరాడు. ఆయనతో వచ్చిన చిక్కల్లా ట్యూబ్. మా దగ్గరున్న ట్యూబులేవీ ఆయన చక్రానికి పట్టవు. అందుకే ఎవరి సైజు ట్యూబులు వాళ్లే, తలా రెండు తెచ్చుకోవాలి. వాల్వు సన్నదా లావుదా కూడా చూసుకోండి, పంపు దానికి పట్టాలి.

బ్రేకు రబ్బర్లు, చైను, టైర్ల అరుగుదల సైకిల్ షాపులో చూపించండి. కొత్త సీటు, కొత్త బూట్లు, కొత్త ప్యాడింగ్ నిక్కరు ఆ రోజే మొదటిసారి వాడకండి. ఇంకో సంగతి, ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నా: ప్యాడింగ్ నిక్కరు కింద లోదుస్తులు వేసుకోకూడదు. వాటి కుట్లు ఒరుసుకుని మధ్యాహ్నానికి నడవలేకపోతారు. వాజలీనో కొబ్బరినూనో ముందే రాసుకోండి.

శ్రీకాకుళంలో లాడ్జి ముందుగా మాట్లాడుకునేటప్పుడు గది అద్దె కన్నా ముందు అడగాల్సింది సైకిళ్లు లోపల పెట్టుకోనిస్తారా అని. ఒకసారి ఇది అడగకుండా వెళ్తే, గదిలోకి సైకిళ్లు తేవడానికి వీల్లేదన్నారు. రాత్రంతా ఇద్దరిద్దరం వంతులేసుకుని మెట్ల కింద కాపలా కాశాం.

ముందు రోజు రాత్రి పనులు పంచుకోవాలి

ఇది పావుగంట పని. దారి బాగా తెలిసిన వాళ్లొకరు ముందు ఉంటారు. పంక్చర్ వేయడం వచ్చినవాళ్లు ఒకరు చివర ఉంటారు. రోజంతా ఈ చివరి మనిషి ఎవరినీ దాటకూడదు, ఆయన వెనక మన జట్టువాళ్లెవరూ ఉండకూడదు. చాలామంది ఈ పని నెమ్మదిగా తొక్కేవాళ్లకు అంటగడతారు. అది తప్పు. జట్టులో బాగా తొక్కగలిగినవాళ్లనే చివర పెట్టండి. వెనకబడ్డవాళ్లను గాలి చాటున లాక్కురావాల్సింది వాళ్లే.

మా మొదటి ప్రయాణంలో చివరి మనిషి అంటూ ఎవరినీ పెట్టుకోలేదు. అందరికన్నా పెద్దవారు, ఈ మధ్యే రిటైరైన మాస్టారు, కొంచెం వెనకబడ్డారు. నాతవలస దగ్గర హైవే నుంచి విజయనగరం రోడ్డు చీలుతుంది. మేమంతా నేరుగా వెళ్లిపోయాం. ఆయన తలొంచుకుని తొక్కుతూ ఎడమ చేతి రోడ్డు పట్టుకున్నారు. ఫోన్‌లో చార్జింగ్ లేదు. గంటన్నర తర్వాత ఎవరి ఫోనో అడిగి చేశారు: "బాబూ, ఇక్కడ కోట కనబడుతోంది. మీరే కనబడటం లేదు."

అప్పట్నుంచి మా నియమం ఒకటే. రోడ్డు చీలే ప్రతి చోటా ముందు మనిషి ఆగాలి, చివరి మనిషి కంటపడేదాకా కదలకూడదు. తగరపువలస, నాతవలస, శ్రీకాకుళం ఊళ్లోకి తిరిగే జంక్షన్, ఈ మూడు చోట్లా ఆగడం తప్పనిసరి. వాట్సాప్‌లో లొకేషన్ పెట్టుకోండి గానీ దాన్నే నమ్ముకోకండి. కూడలి పేర్లు, ఇద్దరి ఫోన్ నంబర్లు ఒక చీటీ మీద రాసి అందరి జేబులోనూ పెట్టండి.

డబ్బులు ఒక్కరి దగ్గరే ఉండాలి. పదిమందీ పది టీలకు విడివిడిగా ఫోన్లు తీసి స్కాన్ చేస్తుంటే పావుగంట పోతుంది.

తెల్లవారుజామున

ఐదుంపావుకల్లా చక్రాలు కదలాలి. ఇంత పొద్దున్నే ఎందుకంటే, రాత్రంతా చల్లబడిన నేల మీంచి గాలి మెల్లగా సముద్రం వైపు పోతుంటుంది. అది మనల్ని పెద్దగా అడ్డుకోదు. పొద్దెక్కి నేల వేడెక్కిందంటే గాలి తిరగబడి సముద్రం మీంచి ఒడ్డుకు కొడుతుంది. పదకొండు దాటాక దాని బలం తెలుస్తుంది. కాబట్టి లెక్క సులువు: పదకొండుకల్లా 70 కిలోమీటర్లు అయిపోవాలి. మిగిలిన ముప్ఫయ్యైదూ గాలితో పోట్లాడుతూ వెళ్లొచ్చు. ఏడింటికి బయల్దేరితే ఆ పోట్లాట అరవై కిలోమీటర్లు ఉంటుంది.

లేవగానే రెండు అరటిపళ్లో నాలుగు బ్రెడ్ ముక్కలో తినండి. ఖాళీ కడుపుతో వద్దు. టైరు బొటనవేలితో నొక్కి చూడండి, రెండు బ్రేకులూ పట్టి సైకిల్‌ని ముందుకు తోయండి, చక్రం ఎత్తి తిప్పండి. హెల్మెట్ పట్టీ బిగించండి. వెనక ఎర్ర లైటు లేనివాళ్లను ఆ చీకట్లో రోడ్డెక్కనివ్వకండి, ఎంత దగ్గరివాళ్లయినా సరే.

బీచ్ రోడ్డు: భీమిలి దాకా 28 కిలోమీటర్లు

సముద్రం పక్కన రోడ్డు కదా, చదునుగా ఉంటుందనుకుంటారు. ఉండదు. కైలాసగిరి కింద నుంచి మొదలుపెట్టి రుషికొండ, తొట్లకొండ దాకా కొండల పాదాలు సముద్రంలోకి దిగుతుంటాయి, రోడ్డు వాటి మీదుగా లేస్తూ పడుతూ పోతుంది. కొత్తవాళ్లు ఇక్కడే ఉత్సాహం కొద్దీ నిలబడి తొక్కి తొడలు ఖాళీ చేసుకుంటారు. ఎత్తు మొదలవ్వక ముందే గేరు తేలిక చెయ్యండి. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఎక్కండి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే.

దిగేటప్పుడు మలుపుల్లో ఇసుక చూసుకోండి. గాలికి కొట్టుకొచ్చిన సన్నని ఇసుక తారు మీద పొరలా పరుచుకుని ఉంటుంది, చీకట్లో కనబడదు. మలుపులోకి వెళ్లకముందే బ్రేకు పట్టాలి. ఇసుక మీదకు వెళ్లాక ముందు బ్రేకు పట్టారో, సైకిల్ ఒకవైపు, మీరొకవైపు.

ముందున్నవాళ్లు చేతి సైగలు చెయ్యాలి. గుంత ఉన్నవైపు వేలు చూపించడం, ఆగేటప్పుడు అరచెయ్యి వెనక్కి చూపించడం. చీకట్లో చెయ్యి కనబడదు కాబట్టి అరవండి. "గుంత!", "బ్రేకరు!", "కుక్క!" ఈ మూడు మాటలతో తెల్లారేదాకా గడిచిపోతుంది. కుక్క వెంటపడితే వేగం పెంచకండి, వెనక వస్తున్నవాళ్లు దాని మీద పడతారు. ఆగి, దిగి, సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకుంటే చాలాసార్లు అదే విసుగొచ్చి పోతుంది.

ఫిబ్రవరి మొదట్లో ఆరున్నర ప్రాంతంలో సూర్యుడొస్తాడు. ఆ వేళకు మంగమారిపేట దగ్గర ఉండేలా చూసుకోండి. ఒడ్డున అలలు తొలిచిన రాతి కమాను ఉంది. పడవలు వలలతో తిరిగొచ్చే వేళ కూడా. అక్కడ పది నిమిషాలు ఆగి ఫొటోల సరదా తీర్చుకోండి, ఎందుకంటే ఆ తర్వాత ఎవరు ఫొటోకి ఆగినా మిగతావాళ్లు తిట్టుకుంటారు. ఎర్రమట్టి దిబ్బలు దారిలోనే ఉన్నా ఆ రోజుకి వదిలేయండి. అవి తీరిగ్గా నడిచి చూడాల్సినవి, పైగా సైకిళ్లతో దిగితే ఆ మెత్తటి దిబ్బలు చెదిరిపోతాయి.

భీమిలికి ఏడుంపావుకి చేరితే బాగా తొక్కినట్టు. గోస్తనీ నది సముద్రంలో కలిసే ఊరు. డచ్చివాళ్ల సమాధులు, గడియార స్తంభం ఉన్న ఈ ఊరు 1861లోనే మున్సిపాలిటీ అయింది. ఇడ్లీ, ఉప్మా పెసరట్టు ఏదైనా తినండి గానీ పూరీల జోలికి పోవద్దు. నూనె కడుపులో ఉండగా ముందుకు వంగి తొక్కడం ఎంత కష్టమో ఒకసారి అనుభవించాను. అరగంటకు మించి కూర్చోకండి.

నీళ్లు, తిండి

దాహం వేసేదాకా ఆగకూడదు. గంటకు అరలీటరు నుంచి ముప్పావు లీటరు దాకా, గుక్కెడు గుక్కెడుగా తాగాలి. తీరం గాలిలో చెమట ఎంత పోయిందో తెలియదు. నల్ల చొక్కా మీద తెల్లటి చారికలు కనబడితే అదంతా ఉప్పే. రెండు సీసాల్లో ఒకదాంట్లో ఓఆర్ఎస్ కలపండి. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి. సగం నీళ్లలో చిక్కగా కలిపితే మంచికి బదులు చెడే జరుగుతుంది. ముప్పావు గంటకోసారి పల్లీ చిక్కీయో రెండు ఖర్జూరాలో అరటిపండో నోట్లో వేసుకోండి. చోడి (రాగి) అంబలి దొరికిందా, వదలకండి. నాకు తెలిసి ఏ ఖరీదైన పొడీ దానికి సాటి రాదు.

హైవే మీద వరస

భీమిలి నుంచి ఆరేడు కిలోమీటర్లు లోపలికి వస్తే తగరపువలస. అక్కడ 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతాం. ఇక్కణ్నుంచి కబుర్లు బంద్. ఒకరి వెనక ఒకరు, తెల్ల గీతకు ఎడమ పక్కనే తొక్కాలి. నలుగురు నలుగురుగా విడిపోయి, గుంపుకీ గుంపుకీ మధ్య ఒక లారీ దూరేంత చోటు వదలండి. పదిమంది ఒకే తాడులా వెళ్తే బస్సు దాటలేక మధ్యలో దూరుతుంది. సర్వీసు రోడ్డు ఉన్నచోట అదే పట్టుకోండి, కానీ ఎదురొచ్చే బైకుల మీద కన్నేసి ఉంచండి.

ఎదురుగాలిలో తొక్కే శ్రమంతా గాలిని చీల్చడానికే పోతుంది. ముందువాళ్ల వెనక చాటున ఉంటే ఆ శ్రమలో పావు వంతుకు పైగా మిగులుతుంది. అందుకే ముందు బలంగా తొక్కేవాళ్లు, మధ్యలో నెమ్మదిగా తొక్కేవాళ్లు ఉండాలి. ముందువాళ్ల చక్రానికీ మీ చక్రానికీ మధ్య సైకిల్‌లో సగం దూరం చాలు. వాళ్ల చక్రం వైపే చూస్తూ తొక్కకండి, వాళ్ల భుజాల మీదుగా దూరంగా చూడండి.

పొద్దెక్కాక గాలి మీ కుడి చేతివైపు నుంచి కొడుతుంది. మనం ఈశాన్యంగా పోతున్నాం, సముద్రం కుడివైపు ఉంది మరి. అప్పుడు నేరుగా వెనక ఉంటే చాటు దొరకదు. వెనకాల, జానెడు ఎడమకు జరగాలి. జరుగుతూ పోతే చివరివాళ్లు తారు దిగి మట్టిలో పడతారు, నలుగురికి మించి గుంపు వద్దనడం ఇందుకే. ఇంకా ముఖ్యమైనది లారీ సంగతి. కుడి పక్కనుంచి లారీ దాటుతున్నంతసేపూ గాలి ఆగిపోతుంది. మీరు తెలియకుండానే కుడికి వాలి ఉంటారు కాబట్టి లారీ వైపు ఒరుగుతారు. లారీ దాటగానే గాలి ఒక్కసారిగా కొట్టి ఎడమకు తోస్తుంది. లారీ శబ్దం వినబడగానే హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని, మోచేతులు వదులు చెయ్యండి. బిగబట్టి పట్టుకుంటేనే సైకిల్ ఊగుతుంది.

పోటీల్లో ముందువాళ్లు అలసిపోతే గాలి వచ్చే వైపు తప్పుకుని వెనక్కి వస్తారు. మనకు అది కుడివైపు, అంటే లారీల కిందికి. అలా చెయ్యొద్దు. మేం ముందు మనిషిని మార్చేది ఆగిన చోటే, అదీ ఎనిమిది పది కిలోమీటర్లకోసారి.

పంక్చర్

పడుతుంది. పదిమంది ఉన్నప్పుడు ఎవరికో ఒకరికి పడకుండా ఉండదు. హైవే మీద ముళ్ల కన్నా చెడ్డవి లారీ టైర్లు పేలినచోట మిగిలే సన్నటి ఇనుప తీగలు. పడగానే అందరూ అక్కడే మూగకండి. చివరి మనిషి, పంక్చర్ పడ్డవాళ్లు, తోడుగా ఇంకొకరు ఆగుతారు. మిగతావాళ్లు వచ్చే చెట్టు నీడ దాకా వెళ్లి ఆగుతారు.

సైకిల్‌ని రోడ్డుకి బాగా ఎడంగా తీసుకెళ్లండి. వెనక చక్రమైతే మొదట చైనుని అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం మీదకు దించండి, చక్రం తేలిగ్గా ఊడుతుంది. టైరుని ఒక పక్క లివర్లతో (టైరు ఊడదీసే చిన్న పట్టీలు) పైకి తీసి ట్యూబ్ లాగండి. ట్యూబ్ తీసేముందు వాల్వు టైరు మీద ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి, అదే కీలకం. ట్యూబులో కాస్త గాలి కొట్టి చెంప దగ్గర తిప్పితే సన్నగా చల్లగా తగులుతుంది. చిల్లు దొరికింది. వాల్వు నుంచి అది ఎంత దూరంలో ఉందో, టైరు మీద కూడా అంత దూరంలో వెతకండి.

ఇక్కడే తొందరపడి అందరూ దెబ్బతింటారు. తీగ ఇంకా టైరులోనే ఉంటుంది. కొత్త ట్యూబ్ వేస్తే అరగంటలో దానికీ అదే గతి. పూసపాటిరేగ దాటాక ఒకే చక్రానికి మూడుసార్లు పంక్చర్ వేశాం. మూడోసారి, టైరుని లోపలి నుంచి బయటికి మడిచి వెలుతురుకి పెడితే కనబడింది: మీసం వెంట్రుకంత తీగ ముక్క, రబ్బరులో మునిగి కొన మాత్రం లోపలికి పొడుచుకుని ఉంది. వేళ్లతో రాలేదు. గోళ్లు కత్తిరించే కట్టర్‌తో పట్టి లాగితే వచ్చింది. అప్పట్నుంచి ఆ కట్టర్ నా సామాన్లలో ఉంటుంది. టైరు లోపల వేలుకి బదులు చిన్న గుడ్డముక్కతో తుడవండి, తీగ ఉన్నచోట దారం పట్టుకుంటుంది, మీ వేలూ బతుకుతుంది.

కొత్త ట్యూబులో కొంచెం గాలి నింపి పెట్టండి, మడత పడదు. టైరుని బొటనవేళ్లతోనే లోపలికి తొయ్యండి. లివర్ వాడితే ట్యూబ్ నలిగి మళ్లీ చిల్లు పడుతుంది. పాత ట్యూబుకి సొల్యూషన్ రాసి ప్యాచ్ వేసే పని రాత్రికి లాడ్జిలో పెట్టుకోండి.

మేం ఈ తతంగమంతా ఒక టీకొట్టు పక్కనే చేశాం. కొట్టు నడిపే పెద్దావిడ మూడోసారికి ఉండబట్టలేక అడిగింది: "ఏటి బాబూ, మీ ఊర్లో బస్సుల్లేవేటి?" మాస్టారు సమాధానం చెప్పకుండా ఇంకో టీ అడిగారు.

రణస్థలం నుంచి శ్రీకాకుళం

పదకొండు ప్రాంతంలో రణస్థలం చేరితే అక్కడే భోజనం. పెరుగన్నం, పప్పు చాలు. భోజనం ఎంత బాగున్నా సగం కడుపే తినండి. నీడలో ముప్పావు గంట పడుకోండి, బూట్లు విప్పండి.

తర్వాత దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎండ, గాలి, ఎచ్చెర్ల. పిక్కలు పట్టేస్తే ఆగి, గోడకు చేతులు ఆనించి మడమ నేలకు నొక్కిపెట్టి నిమిషం ఉండండి, ఓఆర్ఎస్ తాగండి. తల తిరగడం, ఎండలోనూ వణుకు, మాట తడబడటం లాంటివి ఎవరికైనా కనబడితే మాత్రం ఇంకో కిలోమీటరు కూడా తొక్కించకండి. నీడన పడుకోబెట్టి మెడ మీద, చంకల్లో తడిగుడ్డ పెట్టి, 108కి ఫోన్ చెయ్యండి. అలసట మాత్రమే అయితే ఆటోలో వేసి పంపండి. ఆటో ఎక్కినవాళ్లను ఆ సాయంత్రం ఎవరూ ఆట పట్టించకూడదన్నది మా జట్టులో ఇంకో నియమం. దాన్ని మొదట తప్పేదీ మొదట ఆటో ఎక్కేదీ సాధారణంగా ఒకరే.

నాగావళి వంతెన మీద జట్టంతా కలిశాక ఊళ్లోకి వెళ్లండి. మామూలుగా రెండున్నరకు చేరతాం. వెనక్కి వెళ్లాలనుకునేవాళ్లకు రైలు స్టేషను ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది, దాని పేరే శ్రీకాకుళం రోడ్. సైకిల్ పార్సిల్ చెయ్యాలంటే రైలు వేళకు చాలా ముందే వెళ్లాలి.

సాయంత్రం

మీ స్నానం కన్నా ముందు సైకిల్ పని చూడండి. ఉప్పు గాలి చైనుని ఒక్క రాత్రిలో ఎర్రబారుస్తుంది. నీళ్ల పైపు పెట్టి కడగకండి, బేరింగుల్లోకి నీరు పోతుంది. పొడిగుడ్డ చైను చుట్టూ పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పండి, గుడ్డ నల్లగా రావడం ఆగేదాకా. ఒక్కో లంకెకు ఒక్కో చుక్క నూనె వేసి, పైకి కారిందంతా తుడిచెయ్యండి. తడి మిగిలితే రేపటి ఇసుకంతా దానికే అంటుకుంటుంది. టైర్లు చేత్తో తడిమి గాజుపెంకులు, తీగలు ఏరండి.

తర్వాత స్నానం, చెమట నిక్కరు ఉతికి ఆరేయడం, లైట్లూ ఫోన్లూ చార్జింగ్‌కి పెట్టడం. ఓపిక మిగిలినవాళ్లు అరసవల్లి గుడికి వెళ్లిరావచ్చు, ఊళ్లోనే. మర్నాడు కళింగపట్నం వైపు కాబట్టి అలారం నాలుగుంపావుకి పెట్టండి. మాస్టారి ఫోన్ చార్జింగ్ ఎక్కుతోందో లేదో ఇంకోసారి చూడండి.